టాంజానియాలో కాబోయే టీచర్లకు కుట్టుపని నేర్పడానికి వెళ్తున్నారా? నాకు తెలిసింది చెబుతాను

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చిత్తూరులో టైలరింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయ్యారు, 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగూ అయింది, చాలా ఏళ్ళుగా ఆడపిల్లలకు జాకెట్లు, చుడీదార్లు కుట్టడం నేర్పుతున్నారు. ఇప్పుడు టాంజానియాలో ఒక టీచర్ ట్రైనింగ్ కాలేజీకి వాలంటీరుగా ఎంపికయ్యారు. ప్రైమరీ బడి టీచర్లు కాబోయేవాళ్ళకు కుట్టుపని నేర్పాలి. పాఠాలు ఏ వరసలో పెట్టుకోవాలి, ఇంగ్లీషు అంతంతమాత్రంతో నెట్టుకురాగలనా, ఇక్కడి నుంచి ఏమేం తీసుకెళ్ళాలి, మిషన్ కూడా మోసుకెళ్ళాలా అని మీ సందేహాలు.

నేను తిరుపతిలో క్రాఫ్టు టీచరుగా చేసి, రిటైరయ్యాక అదే దేశంలో అలాంటి కాలేజీలోనే పనిచేసి వచ్చాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండమ్మా.

మన దగ్గర కుట్టు నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయికి ఒకటే లక్ష్యం. జాకెట్టు ఒంటికి సరిగ్గా అమరాలి, చంక దగ్గర ముడత పడకూడదు. అది వచ్చిందా, మనం నేర్పినట్టు. అక్కడ మీ ముందు కూర్చునేవాళ్ళు వేరు. వాళ్ళు టైలర్లు కారు, కావాలనీ అనుకోరు. చదువు ముగిశాక ఏదో పల్లెటూరి బడికి పోతారు. క్లాసులో డెబ్బై, ఎనభై మంది పిల్లలుంటారు, కత్తెర ఒకటుంటే గొప్ప, మిషన్ మాట దేవుడెరుగు. అలాంటి టీచరుకు మీరు కటోరీ జాకెట్టు కటింగ్ ఎంత బాగా నేర్పినా అది కాలేజీ గేటు దాటదు. కాబట్టి ప్రతి పాఠానికీ ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పనిని వీళ్ళు రేపు అలాంటి బడిలో, జేబులోంచి పెద్దగా డబ్బు పెట్టకుండా, పిల్లల చేత చేయించగలరా? చేయించలేరంటే ఆ పాఠం తీసెయ్యండి. నా సలహా మొత్తం ఈ ఒక్కదాని మీదే నడుస్తుంది.

అక్కడి ప్రైమరీ చదువులో చేతిపనికి చోటుంది. నేనున్నప్పుడు అక్కడి భాష స్వాహిలీలో 'స్టాడీ జా కాజీ' అనేవారు, పని నైపుణ్యాలన్నమాట. జూలియస్ న్యెరెరే బడిపంతులుగా పనిచేసి దేశాధ్యక్షుడైన మనిషి. ఇప్పటికీ ఆయన్ని 'మ్వాలిము', అంటే మాస్టారు, అనే అంటారు. 1967లో ఆయన స్వావలంబన కోసం చదువు అనే విధానం తెచ్చి, బడిలో చేతులతో పని ఉండాలన్నారు. మనకు 1937లో వార్ధాలో గాంధీగారు నయీ తాలీమ్, అంటే చేతిపని ద్వారా చదువు, అన్నది గుర్తుంటే ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. కాగితం మీద ఉన్నదానికీ బడిలో జరిగేదానికీ ఎంత దూరమో కూడా మనకు తెలిసిందే కదా! సిలబస్ మారుతూ ఉంటుంది. అందుకని వెళ్ళిన మొదటి రోజే ఇప్పుడు నడుస్తున్న సిలబస్ పుస్తకం అడిగి తీసుకుని, కుట్టుపని ఏ తరగతిలో ఎంతుందో చూసుకోండి. ఇక్కడి నుంచే పాఠాల పట్టిక రాసుకుని పోవద్దు.

ఇంకో సంగతి. మొదటి కొన్ని రోజులు పాఠం మొదలుపెట్టకుండా, కాలేజీకి దగ్గర్లో ట్రైనీలు ప్రాక్టీసుకు వెళ్ళే బడి ఒకటి చూసి రండి. వెనక బెంచీలో కూర్చోండి. బెంచీ లేకపోతే గోడవారన నిలబడండి. ఎంతమంది పిల్లలు, ఎంత వెలుతురు, పీరియడ్ ఎన్ని నిమిషాలు, చివరి వరసకు బోర్డు కనిపిస్తుందా, ఇవన్నీ చూస్తే మీ పాఠాలు వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ పని మానేసి నేరుగా క్లాసులోకి దిగిన వాలంటీర్లు నెల తిరగకముందే 'వీళ్ళకు ఆసక్తి లేదు' అనడం విన్నాను. ఆసక్తి బాగానే ఉంటుంది, చెప్పే పాఠమే వాళ్ళ బడికి పనికిరానిది.

ఇక అసలు విషయం, పెద్ద క్లాసులో కుట్టు చూపించడం ఎలా? మనం చిత్తూరులో పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని ఒళ్ళో గుడ్డ పెట్టుకుని చూపిస్తాం. అక్కడ మీ క్లాసే యాభై మంది. వాళ్ళ క్లాసులు ఇంకా పెద్దవి. సూది, దారం మూడో వరసకే కనపడవు. దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం గోనెపట్టా. ఖాళీ గోనెసంచి కుట్లు విప్పి, పట్టాలా పరిచి, ఖాళీ చెక్క చట్రానికి మేకులతో బిగించండి. బియ్యం బస్తా మూతి కుట్టే దబ్బనం తీసుకుని, అందులోకి రంగువేసిన పురికొస గానీ ముదురురంగు ఊలు గానీ ఎక్కించండి. ఇప్పుడు పరుగు కుట్టు వెయ్యండి. ఒక్కో కుట్టు అరచెయ్యంత పొడుగు. వెనక వరసవాడికి కూడా దారం ఎక్కడ దిగింది, ఎక్కడ పైకి వచ్చింది స్పష్టంగా తెలుస్తుంది. ఒక ట్రైనీని పట్టా వెనక నిలబెట్టి, దబ్బనం అందుకుని మళ్ళీ ఇటు తోయమనండి. క్లాసు నవ్వుతుంది, నవ్వుతూనే నేర్చుకుంటుంది. బఖియా కుట్టులో ఒక అడుగు వెనక్కి, రెండు అడుగులు ముందుకు అన్నది మాటల్లో ఎంత చెప్పినా అర్థం కాదు, గోనె మీద ఒక్కసారి చూపిస్తే చాలు. ఆ గోనెను వెనకవైపు కూడా తిప్పి చూపించండి. పైన బఖియా ఎలా ఉంటుంది, అడుగున అదే కుట్టు ఎందుకు కాడ కుట్టులా కనిపిస్తుంది అని వాళ్ళనే అడగండి.

పురికొస కోసం వెతుక్కోనక్కర్లేదు. మన రాయలసీమ చేల గట్ల మీద ఉండే కిత్తనార జాతిదే, సిసల్ అంటారు, ఆ దేశంలో తోటలకు తోటలే ఉన్నాయి. 1893లో జర్మన్లు తెచ్చి నాటారు. 1960 దశకంలో సిసల్ నార పండించడంలో ప్రపంచంలో ఆ దేశానిదే మొదటి స్థానం. టాంగా వైపు ఇప్పటికీ పండిస్తారు. తాడు, పురికొస సంతలో చవగ్గా దొరుకుతాయి. చిన్న తరగతుల పిల్లలకు అసలు సూదే ఇవ్వకుండా, అట్టముక్కకు తుమ్మముల్లుతో బెజ్జాలు పెట్టి, పురికొస కొసను కొవ్వొత్తి మైనంతో గట్టిపరిచి, ఆ బెజ్జాల్లోంచి దూర్చడం నేర్పించవచ్చు. పైసా ఖర్చు లేదు. సైకాలజీ పేపర్లో కిండర్ గార్టెన్ మొదలుపెట్టిన ఫ్రోబెల్ గురించి చదువుకున్న ట్రైనీలకు ఇది ఆయన చెప్పిన పనుల్లో ఒకటేనని చెప్పండి. ఆటగా కొట్టిపారేసేవాళ్ళు కూడా కాస్త గౌరవంగా చూస్తారు.

సూదుల లెక్క గురించి మన దగ్గర ఎవరూ నేర్పరు. అక్కడ తప్పకుండా నేర్పాలి. పల్లె బడుల్లో చాలామంది పిల్లలు చెప్పుల్లేకుండా వస్తారు. నేల మీద పడిన ఒక్క సూది చాలు, హెడ్మాస్టరు మర్నాటి నుంచీ కుట్టుపని పీరియడ్‌నే ఎత్తేస్తాడు. ఒక అట్టముక్కకు గీతలు గీసి, ప్రతి గీత పక్కన నంబరు వేసి, సూదిని దానికి గుచ్చి ఇవ్వాలి. పీరియడ్ ముగిసేటప్పుడు గంట కొట్టకముందే అట్టలు వెనక్కి రావాలి, ఖాళీ గీత ఉంటే ఎవరూ లేవకూడదు. సూది నోట్లో పెట్టుకోవడం మనకందరికీ అలవాటే, ట్రైనీల ముందు మాత్రం పొరపాటున కూడా వద్దు. ఒకరికి గుచ్చుకున్న సూది ఇంకొకరికి ఇవ్వకూడదు, పక్కన పెట్టి శుభ్రం చేశాకే మళ్ళీ వాడాలి. ఈ నాలుగూ పిల్లలకు చెప్పడం ట్రైనీల పాఠంలో భాగం కావాలి. మార్కులు కూడా వీటికి వెయ్యండి.

పాఠాల వరస సంగతి. నేనైతే సగానికి పైగా కాలం చేతికుట్టు మీదే పెడతాను. పరుగు కుట్టు, టాకా (తాత్కాలికంగా వేసే వదులు కుట్టు) వెయ్యడం, బఖియా, హెమ్మింగ్, గుండీ, కాజా, చిరుగుకు అతుకు. ఇంతే. గొలుసు కుట్టు, కాడ కుట్టు అలంకారానికి. అంతకుమించి ఎంబ్రాయిడరీ పెట్టుకోవద్దు. పిల్లలు బడికి వేసుకొచ్చే తెల్లచొక్కా, నీలం నిక్కరు లేదా స్కర్టు చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది. గుండీలు ఊడి ఉంటాయి, జేబు మూల చిరిగి ఉంటుంది, అడుగు మడత జారిపోయి ఉంటుంది. అదే మీ పాఠ్యపుస్తకం. నాలుగో తరగతి పిల్లవాడు తన చొక్కాకు తనే గుండీ కుట్టుకుని ఇంటికి పోతే తల్లి చూస్తుంది. ఆ తర్వాత కుట్టుపని ఎందుకు అని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు.

గుండీ పాఠం ఎలా నడపాలో కొంచెం వివరంగా రాస్తాను, మిగతావి దాన్ని పట్టి మీరే అల్లుకోవచ్చు. దారం బారెడు తీసుకునే అలవాటు పిల్లలకు ఉంటుంది, చిక్కులు పడి సగం పీరియడ్ పోతుంది. వేళ్ళ కొస నుంచి మోచేతికి కాస్త పైదాకా, అంతే కొలత. రెండు పోగులు కలిపి ముడి వెయ్యాలి. గుండీకీ గుడ్డకూ మధ్య ఒక అగ్గిపుల్ల అడ్డం పెట్టాలి. నాలుగైదు సార్లు బెజ్జాల్లోంచి కుట్టాక అగ్గిపుల్ల లాగేసి, గుండీ కింద ఏర్పడిన సందులో దారాన్ని మూడు చుట్లు గట్టిగా చుట్టి, అడుగున ముడి వేసి తెంచాలి. ఆ సందు లేకపోతే కాజాలో గుండీ పట్టదు, పట్టినా గుడ్డ ముడుచుకుంటుంది, వారానికే మళ్ళీ ఊడుతుంది. అగ్గిపుల్ల ఎందుకు అని మీరు చెప్పకండి. ఒకటి పుల్లతో, ఒకటి పుల్ల లేకుండా కుట్టించి, రెండూ కాజాలో పెట్టి చూడమనండి.

ఆ తర్వాత అదే పాఠాన్ని ట్రైనీ చెప్పాలి. మన బీఎడ్ వాళ్ళు చేసే మైక్రో టీచింగ్ ఉంది చూశారా, ఆరు నిమిషాల పాఠం, ఎనిమిది పదిమంది తోటివాళ్ళే పిల్లలుగా కూర్చోవడం, ఆ వెంటనే ఏం బాగుంది ఏం బాగోలేదు చెప్పడం, మళ్ళీ చెప్పించడం. కుట్టుపనికి ఇది అద్భుతంగా పనికొస్తుంది. నా క్లాసులో కుట్టు చక్కగా వేసే ఒకమ్మాయి, తను కుడుతూ తలవంచుకుని మాట్లాడేది. వెనకవాళ్ళకు ఆమె నడినెత్తి తప్ప ఏమీ కనపడదు. కుట్టు వంకరపోయే ఇంకో కుర్రవాడు గోనెపట్టా పక్కకు జరిగి నిలబడి, ఒక్కో అడుగూ క్లాసు చేత చెప్పించి మరీ వేసేవాడు. మార్కులు ఎవరికి ఎక్కువ రావాలి? నేను అతనికే వేశాను. లోయర్, హయ్యర్ పరీక్షల్లో కుట్టు సన్నగా ఉందా లేదా అని భూతద్దం పెట్టి చూడటానికి అలవాటుపడ్డ చెయ్యి నాది, అయినా సరే. కాలేజీ వాళ్ళతో ముందే మాట్లాడుకుని, కుట్టుకు సగం, చెప్పడానికి సగం మార్కులు ఉండేలా చూసుకోండి.

మన పరీక్షకు శాంపిల్ ఆల్బం పెడతాం కదా, అది మాత్రం అక్కడా చేయించండి. ఒక్కో కుట్టుకు జానెడు గుడ్డముక్క, పాత క్యాలెండరు అట్టకు అంటించాలి. ఒక్క మార్పు చెయ్యండి. ప్రతి శాంపిల్ కింద ట్రైనీ మూడు వాక్యాలు రాయాలి: ఇది ఏ తరగతికి, ఏ సామాను ఉంటే చాలు, పిల్లలు ఎక్కడ తడబడతారు. ఆ మూడో వాక్యం ప్రాక్టీసు బడికి వెళ్ళి వచ్చాకే రాయాలి. అప్పుడు ఆల్బం అలమారాలో పడి ఉండదు, మొదటి ఉద్యోగానికి వాళ్ళతోనే వెళ్తుంది.

ఒకే టీచరు, డెబ్బై మంది, పది సూదులు అన్న లెక్కకు మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ స్కూలు వాళ్ళు పల్లె బడులకు చేసిన కార్డుల పద్ధతి నాకు దారి చూపించింది. పిల్లలు గుంపులుగా, మెట్టు తర్వాత మెట్టు, కార్డు చూసుకుంటూ తమ వేగంలో తాము పోతారు. ఒక గుంపు కుడుతుంది, ఒకటి కాగితం మీద నమూనా గీస్తుంది, ఇంకొకటి పాత గుడ్డల దారాలు విప్పుతుంది, మరొకటి అట్టకు బెజ్జాలు పెడుతుంది. మీకు వీలైతే వెళ్ళేలోపు ఒకసారి చూసి రండి, లేదా మీ జిల్లాలోనే కార్వేటినగరంలో ఉన్న టీచర్ ట్రైనింగ్ సంస్థ డైట్‌లో ఎవరినైనా కలిసి మల్టీగ్రేడ్ (ఒకే గదిలో పలు తరగతుల) క్లాసు ఎలా నడుపుతారో అడగండి. కుట్టు మీకు వచ్చు, నేర్చుకోవాల్సింది ఇదే.

ఇక మిషన్. చాలా కాలేజీల్లో తొక్కుడు మిషన్లు ఉంటాయి, సింగరో, చైనా నుంచి వచ్చే బటర్‌ఫ్లైయో. మనకు తెలిసిన నల్లతల మిషన్లే. కొన్నిచోట్ల ఎవరో దానమిచ్చినవి స్టోరు గదిలో తాళం వేసి ఉంటాయి, పాడవుతాయని భయం. కాబట్టి మొదట మిషన్ నేర్పే ముందు మిషన్ బాగుచెయ్యడం నేర్పండి. అప్పుడు ఆ భయం పోతుంది. రిపేరంటే పెద్ద విద్య ఏం కాదు. అడుగున దారం గుట్టలుగా పడుతుంటే అందరూ అడుగుదారం చుట్టే బాబిన్‌నే తిడతారు, తప్పు సాధారణంగా పైదారానిది. టెన్షన్ బిళ్ళల మధ్యకు దారం దిగలేదు, లేదా గుడ్డను నొక్కిపట్టే ఫుట్ దించకుండా తొక్కారు. కుట్టు తప్పుతుంటే సూది వంగింది, లేదా తిరగేసి బిగించారు. మిషన్ బరువుగా తిరుగుతుంటే షటిల్ కింద నూగు పేరుకుంది, లేదా ఎవరో వంటనూనె పోశారు. కొద్దిగా కిరసనాయిలు వేసి తిప్పి కడిగేసి, ఆ తర్వాత మిషన్ ఆయిల్ చుక్కలు వెయ్యాలి. బెల్టు జారుతుంటే అర అంగుళం కోసి, క్లిప్పు మళ్ళీ తగిలించాలి. ఈ నాలుగూ ట్రైనీల చేత విప్పించి, బిగింపించండి. దారం లేకుండా గీతల కాగితం మీద తొక్కించడం మీకు తెలిసిందే. కాళ్ళు వెనక్కి తొక్కకుండా అలవాటయ్యేదాకా దారం ముట్టుకోనివ్వొద్దు.

మిషన్ మీద వాళ్ళు కుట్టాల్సింది ఒక సంచి, ఒక నిక్కరు. అంతే చాలు. కటింగ్ అంతా సెంటీమీటర్లలో నేర్పండి. మనం టేపు అంగుళాల వైపే చూస్తాం, ఛాతీలో నాలుగో వంతు, పన్నెండో వంతు అన్న లెక్కలన్నీ అంగుళాల్లోనే నోటికొచ్చి ఉంటాయి. అక్కడి పిల్లలు బడిలో చదివేది మెట్రిక్ లెక్కలు. ఇప్పటి నుంచే మీ నోట్సు తిరగరాసుకోండి, కుట్టుకు వదిలేది ఒకటిన్నర సెంటీమీటర్లు అని గుండ్రంగా పెట్టుకుంటే సులువు. విద్యుత్తు ఉన్నా లేకున్నా ఇస్త్రీకి బొగ్గుల పెట్టె దొరుకుతుంది.

గుడ్డ ఎక్కడ అని అడగలేదు గానీ, అడగాల్సింది అదే. కొత్త గుడ్డ కొనాల్సిన పని లేదు. 'మిటుంబా' అని, బయటి దేశాల నుంచి వచ్చిన వాడేసిన బట్టల సంతలు ఊరూరా ఉంటాయి. పెద్ద సైజు చొక్కా ఒకటి కొంటే పదిమందికి సరిపడా ముక్కలు, గుండీలు, తయారైన కాజాలు కూడా. కుట్లు విప్పడమే ఒక పాఠం. చొక్కా ఎన్ని ముక్కల్లో ఉంటుంది, చెయ్యి ఎందుకలా వంపు తిరిగింది, విప్పి నేల మీద పరిస్తే పుస్తకం అక్కర్లేదు. కాంగా అనే నూలు గుడ్డ ఆడవాళ్ళందరి దగ్గరా ఉంటుంది. ఒంటికి చుట్టుకుంటారు, బిడ్డను వీపున కట్టుకుంటారు. జంటగా అమ్ముతారు, చుట్టూ అంచు, నడుమ బొమ్మ, దాని కింద స్వాహిలీలో ఒక సామెతో మాటో అచ్చువేసి ఉంటుంది. జంటను విడదీసి అంచులు మడిచి కుట్టుకోవడం ప్రతి ఇంట్లో జరిగే పని, హెమ్మింగ్ పాఠానికి అంతకన్నా మంచి గుడ్డ లేదు. ఎవరి కాంగా అయినా కత్తెర పెట్టే ముందు అడగండి. అందులోని మాట ఎవరో ప్రేమతో చెప్పింది కావచ్చు. దారెస్సలాంలో ఉహురు వీధి నిండా ఇవే దుకాణాలు, మన గాంధీ రోడ్డులో చీరల కొట్ల ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

మన బొంతలు కూడా అక్కడ బాగా అతుకుతాయి. పాత చీరలు నాలుగు పొరలు పరిచి పరుగు కుట్టు వెయ్యడం మన పల్లెల్లో అవ్వలందరికీ వచ్చు. నలుగురు నాలుగు మూలల నుంచి కుడుతూ వస్తే ఒక్క పీరియడ్‌లోనే చిన్న ఆసనమంత బొంత తయారు. క్లాసులో పిల్లలు కూర్చోవడానికి పనికొస్తుంది. నేను అక్కడ చూపించినవాటిలో ట్రైనీలు ప్రాక్టీసు బడుల్లో మళ్ళీ మళ్ళీ చేయించింది ఇదే.

శ్రీకాళహస్తి కలంకారీ చూపించాలని మీకు తప్పకుండా మనసవుతుంది. చూపించండి, ఒక సాయంత్రం. ఒక చిన్న ముక్క తీసుకెళ్ళండి, కలం ఎలా చేస్తారు, గుడ్డను కరక్కాయ, పాలల్లో ఎందుకు ముంచుతారు, బెల్లం, ఇనపముక్కలు ఊరబెడితే నలుపు ఎలా వస్తుంది చెబితే నోళ్ళు తెరుచుకుని వింటారు. సిలబస్‌లో మాత్రం పెట్టొద్దు. కరక్కాయ అక్కడ సంతలో దొరకదు, నెలలు పట్టే విద్యను వారంలో చూపిస్తే మిగిలేది మరకలే.

తిరిగి వాడుకునే శానిటరీ ప్యాడ్లు కుట్టడం గురించి కూడా రాయాలి. ఆడపిల్లలు ఆ రోజుల్లో బడి మానెయ్యకుండా ఉండటానికి కాబోయే టీచరు చేతిలో ఉండాల్సిన పని ఇది. లోపల మెత్తటి నూలు గుడ్డ పొరలు, బయట కాస్త మందం గుడ్డ, రెక్కలకు గుండీ లేదా ప్రెస్ బటన్. కుట్టడం గంట పని. ఉతికి ఎండలో ఆరబెట్టాలన్నది కుట్టు కంటే ముఖ్యం. నీడలో తడితడిగా ఉంచితే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఈ పాఠాన్ని మీరు సొంతంగా ఎత్తుకోకండి. కాలేజీలో ఉన్న ఆడ లెక్చరర్లతో మాట్లాడి, వాళ్ళు ముందుంటే మీరు పక్కనుండండి. మగ ట్రైనీలను బయటికి పంపాలా, కూర్చోబెట్టాలా అన్నది వాళ్ళకే వదిలెయ్యండి. మా కాలేజీలో కూర్చోబెట్టారు, రేపు అతని క్లాసులో పన్నెండేళ్ళ పిల్ల ఉంటుంది కాబట్టి అదే మంచిదని నా అభిప్రాయం.

మగవాళ్ళ మాట వచ్చింది కాబట్టి. అక్కడ వీధి అరుగుల మీద మిషన్ పెట్టుకుని కుట్టే టైలర్లు చాలామంది మగవాళ్ళే, 'ఫుండి' అంటారు. మన దగ్గరా అంతేగా! అందుకని మిషన్ దగ్గరికి కుర్రాళ్ళు ముందే వస్తారు, చేతిసూది ఇస్తేనే మొహం అదోలా పెడతారు. దబ్బనం, గోనెపట్టా ముందు వాళ్ళ చేతికే ఇవ్వండి. ఊళ్ళో మంచి ఫుండి ఎవరైనా ఉంటే ఒకరోజు క్లాసుకు పిలవండి, ఆయన రోజు కూలి నష్టపోకుండా ఏదో ఒకటి ఇప్పించండి. మీరు వెళ్ళిపోయాక కూడా ఆ కాలేజీకి సాయం చేసేది ఆయనే.

భాష గురించి టెన్షన్ పడొద్దు. అక్కడి ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో పాఠాలు స్వాహిలీలోనే. అంటే మీ ట్రైనీ రేపు బడిలో ఇంగ్లీషు వాడడు, మీ ఇంగ్లీషు గొప్పగా ఉన్నా అతనికి ఒరిగేది తక్కువ. సిండానో అంటే సూది, ఉజి దారం, కిటాంబా గుడ్డ, మ్కాసి కత్తెర, కిఫుంగో గుండీ, చెరెహాని కుట్టుమిషన్. ఇలాంటివి ఓ ముప్ఫై మాటలు, చేతులు, గోనెపట్టా ఉంటే పాఠం నడుస్తుంది. పాఠ్యప్రణాళికలు వాళ్ళ చేత స్వాహిలీలోనే రాయించండి, తోటి లెక్చరరు చూసిపెడతారు. పెద్దవాళ్ళు ఎదురైతే 'షికామో' అనాలి, అది వాళ్ళ నమస్కారం. మీ ట్రైనీలు మీకు అలా చెబితే 'మరహబా' అనండి. ఇంకొకటి, స్వాహిలీలో గంటలు పొద్దున ఆరు నుంచి లెక్కపెడతారు. ఒంటిగంట అంటే మన ఏడు. 'రెండు గంటలకు క్లాసు' అని ఎవరైనా స్వాహిలీలో చెబితే పొద్దున ఎనిమిదికే వెళ్ళాలి.

వెళ్ళగానే ఒక స్థానిక లెక్చరరును జతగా అడిగి పెట్టించుకోండి. ప్రతి పాఠం ఇద్దరూ కలిసే చెప్పాలి, సగం రోజులయ్యేసరికి ఆమె చెబుతుంటే మీరు గుడ్డలు పంచాలి. సూదులు, దారం కొనే డబ్బు కూడా మొదటి నుంచీ కాలేజీ ఖాతాలోంచే రావాలి, ఎంత తక్కువైనా సరే. మీ బ్యాగులోంచి వస్తే మీ బ్యాగుతోపాటే ఆగిపోతుంది.

ఇక సామాను. మిషన్ వద్దు, ఇక్కడి నుంచి మోసుకెళ్ళడం దండగ. మిషన్ సూదులు 14, 16 నంబర్లవి, బాబిన్లు, ఒకటి రెండు బాబిన్ కేసులు, చేతిసూదులు 7 నుంచి 9 నంబర్లవి, రెండు దబ్బనాలు, మంచి కత్తెర ఒకటి, కుట్లు విప్పే రిప్పర్లు, టేపులు. బజారు వీధిలో ఒక్క పూటలో అన్నీ అయిపోతాయి. కత్తెరా, సూదులూ చెకిన్ బ్యాగులోనే పెట్టండి, చేతిసంచిలో ఉంటే చెన్నై ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఫోన్ చార్జరుకు మన మూడు గుండ్రటి పుల్లల ప్లగ్గు కొన్నిచోట్ల పడుతుంది, చాలాచోట్ల బ్రిటిష్ చదరపు పుల్లల ప్లగ్గుంటుంది. ఒక అడాప్టరు పెట్టుకోండి. టూరిస్టు వీసా మీద వెళ్ళి పనిచెయ్యకూడదు. వాలంటీర్లకు క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్ ఉంటుంది, అది పిలిచే సంస్థ చేత పెట్టించుకోవాలి, రాతపూర్వకంగా. ఎల్లో ఫీవర్ టీకా కార్డు గురించి వాళ్ళనే ముందుగా అడగండి. వేయించుకునేటట్టయితే ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు అయిపోవాలి, చెన్నై గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. మలేరియా మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడండి, దోమతెర మానొద్దు.

తిండి గురించి మీ ఇంట్లోవాళ్ళు బెంగపడుతున్నారన్నారు. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి ఉంటుంది, తెల్ల సంగటి అనుకోండి. దానికి జతగా తోటకూర, బీన్స్ కూర. చపాతీ అన్నిచోట్లా దొరుకుతుంది. అల్లం, పచ్చిమిర్చి సంతలో ఉంటాయి. చింతపండూ ఉంటుంది. ఇంగువ మాత్రం ఒక డబ్బా వేసుకోండి.

మార్కుల పద్ధతి గురించి నేను రాసుకున్న పట్టిక, సెంటీమీటర్లలోకి మార్చిన నిక్కరు, సంచి కొలతలు నా దగ్గర ఉన్నాయి. కావాలంటే కింద అడగండి, టైపు చేసి పెడతాను.